గానసభ గేటు నుంచి జౌజీ హల్వా దాకా

హైదరాబాదుకు చుట్టాలు వచ్చినప్పుడు వాళ్ళకు చార్మినారూ గోల్కొండా చూపించే పని మా ఇంట్లో మా తమ్ముడిది, సాయంత్రాలు గడిపించే పని నాది. ఇరవై ఎనిమిదేళ్ళుగా చిక్కడపల్లిలో ఉంటున్నవాణ్ణి కనుక నేను తీసుకువెళ్ళే చోట్లు చాలావరకు నడిచి పోగలిగినంత దూరంలోనో, మెట్రోలో నాలుగైదు స్టేషన్ల దూరంలోనో ఉంటాయి. ఒక కచేరీయో నాటకమో, దానికి ముందో వెనకో ఒక మిఠాయి, ఇదీ నా పద్ధతి. అమెరికాలో ఉండే మా మేనకోడలు పోయినసారి వచ్చినప్పుడు, "మామయ్యా, నువ్వు తిప్పే చోట్లన్నీ ఒకచోట రాసి పెట్టు, ఈసారి పిల్లల్ని తీసుకుని నేనే వెళ్ళొస్తాను" అని అడిగింది. ఆమె కోసం మొదలుపెట్టిన కాగితమే పెరిగి ఈ సమీక్ష అయింది. ఇందులో చెప్పినవన్నీ నేను సొంత డబ్బుతో కొని తిన్నవీ, చివరిదాకా కూర్చుని విన్నవీ, చూసినవీ మాత్రమే.

ఏ చోటునైనా నేను తూచే రాయి ఒక్కటే. చేసే మనిషికీ అనుభవించే మనిషికీ మధ్య దూరం ఎంత ఉందని చూస్తాను. పాడే ఆమె ఊపిరి తీసుకోవడం మూడో వరుసకు వినిపిస్తుందా, వేషగాడి నుదుటి రంగు చెమటకు కరగడం కనిపిస్తుందా, బాణలిలో గరిటె తిరిగే చప్పుడు కౌంటరు దాకా వస్తుందా అన్నవే నా ప్రశ్నలు. పెద్ద మాళ్ళూ పెద్ద హాళ్ళూ చల్లగా, శుభ్రంగా ఉంటాయనడంలో సందేహం లేదు. అయితే అక్కడ పాట స్పీకరులోంచి వస్తుంది, మిఠాయి ఊరి బయట ఎక్కడో తయారై వ్యానులో వస్తుంది. ఆ రెండింటినీ ఇంట్లో కూర్చుని ఫోనులోనే తెప్పించుకోవచ్చు, దానికి చొక్కా మార్చుకుని బయలుదేరడం ఎందుకు?

ముందుగా మా పేట గురించి చెప్పాలి. చిక్కడపల్లిలోని శ్రీ త్యాగరాయ గానసభకు పేరు త్యాగరాజస్వామిదే అయినా, ఆ వేదిక ఎక్కని కళ అంటూ లేదు. ఒకనాడు కర్ణాటక సంగీతం, మర్నాడు పుస్తకావిష్కరణ, ఆ మర్నాడు కూచిపూడి రంగప్రవేశం, ఇంకొకనాడు ఘంటసాల పాటల విభావరి, వారాంతంలో పద్యనాటకమో సాంఘిక నాటికో, ఇలా ఏడాది పొడుగునా అక్కడ ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. ప్రధాన వేదికకు కళా సుబ్బారావు గారి పేరు పెట్టారు; చిన్న సభలకు వేరే చిన్న హాలు ఉంది. ఎక్కువ కార్యక్రమాలకు ప్రవేశం ఉచితం. గేటు దగ్గర కట్టిన ఫ్లెక్సీ చదివి, నచ్చితే లోపలికి వెళ్ళడం, నచ్చకపోతే నగర కేంద్ర గ్రంథాలయం వైపు నడిచి టీ తాగి ఇంటికి పోవడం మా పేట పెద్దలకు నిత్యకృత్యం. ఆ గ్రంథాలయం చుట్టుపక్కల గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు వందల సంఖ్యలో కనిపిస్తారు. గానసభలో చివరి వరుసల్లో పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుని, తల వెనక్కి వాల్చి పాట వినే కుర్రవాళ్ళు వాళ్ళలో వాళ్ళే.

గానసభలో నాకు అన్నిటికంటె నచ్చేది దాని కొలత. మధ్య వరుసలో కూర్చుంటే వయొలిన్ విద్వాంసుడు కమాను మీద రాళం ముక్క రుద్దుకోవడం కనిపిస్తుంది, మృదంగం ఆయన చిన్న రాయితో అంచు మీద కొట్టి శ్రుతి సరిచేసుకోవడం వినిపిస్తుంది. కచేరీ మొదలయ్యే ముందు జరిగే ఈ ఐదు నిమిషాల పనిని చూడటానికే నేను త్వరగా వెళతాను. పాడే మనిషి ఏ కీర్తన ఎత్తుకోబోతున్నదో పక్కవాద్యాల వాళ్ళకు కళ్ళతో చెప్పడం, వాళ్ళు తల ఊపడం, ఇవన్నీ టీవీలో చూపించరు. నా ఎడమ పక్కన తరచుగా కూర్చునే ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు తాళం వేసే తీరు కూడా కచేరీలో భాగమే. ఆయన ఎనిమిది లెక్కల ఆదితాళాన్ని మోకాలి మీద వేస్తారు, ఏడు లెక్కల మిశ్రచాపు వస్తే మాత్రం చేతిసంచీ పక్కన పెట్టి నిటారుగా కూర్చుంటారు. మృదంగం లాంటి తాళవాద్యాలు మాత్రమే పలికే తని ఆవర్తనం మొదలు కాగానే సగం మంది టీకి లేచి వెళ్ళిపోవడం మన రసికుల్లో చాలాకాలంగా ఉన్న అమర్యాద. మాస్టారు ఆ వెళ్ళేవాళ్ళ వంక ఒకసారి చూసి, మళ్ళీ లెక్కలోకి వెళ్ళిపోతారు. ఒకసారి నేనూ లేవబోతే నా మోచేయి పట్టుకుని, "కూర్చో నాయనా, లెక్క తేలేది ఇక్కడే" అన్నారు. అప్పటి నుంచి నేను కదలలేదు.

హాలు పేరు చెప్పను గానీ, ఊళ్ళో మరొకచోట కొన్నేళ్ళ కిందట ఒక వానాకాలపు సాయంత్రం జరిగిన సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. ప్రధాన కీర్తన ముఖారి రాగంలో ఎత్తుకున్న కాసేపటికి కరెంటు పోయింది, జనరేటరు పలకలేదు. మైకులు ఆగిపోగానే నిర్వాహకులు చేతుల్లో ఫోన్ల దీపాలు పట్టుకుని అటూ ఇటూ పరుగెత్తారు. పాడుతున్న ఆమె మాత్రం ఆపలేదు. ఒక్క క్షణం ఆగి, వేదిక అంచు దాకా జరిగి కూర్చుని, అదే చోట నుంచి అందుకుంది. అంతదాకా స్పీకర్ల హోరులో చదునుగా వినిపించిన గొంతుకు లోతూ నునుపూ ఉన్నాయని అప్పుడు తెలిసింది. వయొలిన్ తగ్గి పలికింది, మృదంగం వేలికొసలతో నడిచింది, జనం దగ్గడం కూడా మానేశారు. ఇరవై నిమిషాల తర్వాత కరెంటు వచ్చి స్పీకర్లు గుర్రుమనగానే వెనక వరుసలో ఎవరో "తీసేయండయ్యా" అని అరిచారు. చిన్న హాళ్ళలో సంగీతానికి మైకు ఎంత కావాలో అంతకు రెండింతలు పెట్టడం మన ఊరి జబ్బు. ఏ సభకు వెళ్ళినా స్పీకరుకు ఎదురుగా కాక, మధ్య దారికి ఇవతల ఆరో ఏడో వరుసలో కూర్చోవాలన్నది నా సలహా.

ఇంకొక ఫిర్యాదు ఉంది, దానికీ పేరు పెట్టను, ఎందుకంటే అది ఏ ఒక్క హాలుదీ కాదు. ఆరు గంటల కచేరీ అని కార్డు వేస్తారు. ఆరున్నరకు జ్యోతి ప్రజ్వలన అవుతుంది. ఆ తర్వాత ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, సభాధ్యక్షుడు వరుసగా మాట్లాడతారు. ప్రతివాళ్ళూ "సమయాభావం వల్ల రెండు మాటల్లో ముగిస్తాను" అని మొదలుపెడతారు. శాలువాలు, మెమెంటోలు, ఫొటోలు పూర్తయ్యేసరికి ఎనిమిదవుతుంది, పాడే పిల్లకు నలభై నిమిషాలు మిగులుతాయి. ఒకసారి ఆ పిల్ల తల్లి నా పక్కనే కూర్చుని, "అన్నయ్యా, మూడు నెలలు వర్ణం సాధన చేసింది, అది తీసేయమంటున్నారు" అని కళ్ళు తుడుచుకుంది. సన్మానాలు ముందు పెట్టే సభకు నేను ఏడున్నరకు వెళతాను. ఈలోపు మిఠాయి దుకాణానికి వెళ్ళి రావచ్చు.

మిఠాయిల్లో నేతి సరుకు గురించి మాట్లాడాలంటే మన ఊళ్ళో పుల్లారెడ్డి పేరు దాటి పోలేము. 1948లో కర్నూలులో జి. పుల్లారెడ్డి గారు మొదలుపెట్టిన ఆ వ్యాపారం తర్వాత హైదరాబాదుకు వచ్చి, "నేతి మిఠాయి" అన్న మాటకే మారుపేరుగా నిలిచింది. పెళ్ళిచూపులకు వెళ్ళేటప్పుడు ఏ డబ్బా పట్టుకెళ్ళాలన్న ప్రశ్నకు మా అమ్మ తరం వాళ్ళకు ఒకటే జవాబు ఉండేది. నా మటుకు నేను అక్కడ కాజూ సరుకు జోలికి పోను. సున్నుండలు, మైసూర్ పాక్, పండుగ రోజుల్లో బొబ్బట్లు, ఈ మూడే కొంటాను. జీడిపప్పు మిఠాయిని డబ్బున్న ఏ దుకాణమైనా చేయగలదు. మినప్పిండిని మాడకుండా దోరగా వేయించడానికి మాత్రం మనిషి నిలబడి ఉండాలి.

మైసూర్ పాక్ గురించి ఒక మాట ఎక్కువ చెప్పినా తప్పులేదు, ఎందుకంటే దుకాణం తాహతు తెలిసేది దానిలోనే. ముక్కను చేత్తో విరిచి అడ్డంగా చూడాలి. పైనా కిందా లేత పసుపు రంగు, మధ్యలో ముదురు గోధుమ రంగు చార ఉండాలి. పళ్ళెంలో పోసిన తర్వాత నడిమి భాగంలో వేడి చిక్కుకుని అక్కడి శనగపిండి ఇంకాస్త వేగడం వల్ల ఆ చార వస్తుంది. మరిగే నెయ్యి పోసినప్పుడు పిండి పొంగి, ఆ బుడగలు అలాగే గడ్డకట్టడం వల్ల ముక్క నిండా సన్నని గుల్లలు ఏర్పడతాయి. ముక్క మొత్తం ఒకే రంగులో నున్నగా ఉంటే అది మెత్తని రకం. నోట్లో వెన్నలా కరుగుతుందని దాన్నే మెచ్చుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళతో నాకు తగాదా లేదు. నాకు మాత్రం పంటి కింద గుల్ల విరిగిన చప్పుడు రావాలి. మా ఇంటి సందు మొదట్లో బోర్డు కూడా సరిగా లేని ఒక చిన్న దుకాణం ఉంది. అక్కడ సాయంత్రం నాలుగు గంటలకు బాణలి దించుతారు, ఏడు గంటలకు పళ్ళెం ఖాళీ అవుతుంది. నా లెక్కలో నగరంలోని మంచి మైసూర్ పాక్‌లలో అదొకటి. ఆ దుకాణదారుకు బేరం పెంచుకోవాలన్న యావ లేదు కనుక చిరునామా రాయడం లేదు. నాలుగున్నరకు మా సందుల్లో నడిస్తే ముక్కే దారి చూపిస్తుంది.

కొనేటప్పుడు రెండు విషయాలు గమనించండి. విడిగా అమ్మే మిఠాయిల పళ్ళెం దగ్గర ఏ తేదీ లోపు తినాలో రాసి పెట్టాలన్న నియమం 2020 అక్టోబరు 1 నుంచి అమలులో ఉంది. ఆ చీటీ లేకపోతే అడగండి. రెండవది డబ్బా తూకం. ఒకచోట నేను అరకిలో కాజూ కత్లీ అడిగితే, అట్టడబ్బాను త్రాసు మీద పెట్టి, దాని బరువు తీసేయకుండానే ముక్కలు నింపడం మొదలుపెట్టారు. "బాబూ, డబ్బా బరువు తీసి తూచు" అంటే, కుర్రవాడు ఇబ్బందిగా యజమాని వంక చూశాడు. యజమాని "అందరికీ అట్లనే ఇస్తం సార్" అన్నాడు. ఖాళీ డబ్బాను విడిగా తూయిస్తే తొంభై గ్రాములు వచ్చింది. ఆ రోజు కత్లీ ధరకు అట్ట కొన్నానన్నమాట. ఆ దుకాణానికి మళ్ళీ వెళ్ళలేదు, ఇప్పుడు ఎక్కడికి వెళ్ళినా ముందు త్రాసు మీద సున్నా చూస్తాను.

పూతరేకుల సంగతి ఒక్క మాటలో ముగిస్తాను. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఆత్రేయపురం సరుకు మన ఊరి దుకాణాలన్నింటిలో దొరుకుతుంది, కానీ ఇక్కడికి వచ్చేసరికి రేకు మెత్తబడిపోతుంది. వెళ్ళగలిగితే కోనసీమకు వెళ్ళి, బోర్లించిన కుండ మీద పలుచని పిండిలో తడిపిన గుడ్డను ఒక్క లాగు లాగి రేకు తీసే ఆడవాళ్ళ ఎదుట నిలబడి తినండి.

ఇక నాటకాలు, లఘుచిత్రాలు. రవీంద్రభారతి చిన్నదేమీ కాదు, నిజానికి ఈ రచనలో దానికి చోటు ఉండకూడదు. రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి సందర్భంగా 1961లో వెలిసిన ఆ భవనాన్ని అసెంబ్లీ దగ్గర చూడనివాళ్ళు ఉండరు. నేను చెప్పబోయేది దాని ప్రాంగణంలోనే ఉన్న పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటరు గురించి. కరీంనగర్ ప్రాంతంలో పుట్టి, మూకీల కాలంలోనే బొంబాయి వెళ్ళి కథానాయకుడై, 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్న నటుడి పేరు దానికి పెట్టారు. తెలంగాణ భాషా సాంస్కృతిక శాఖ "సినివారం" పేరుతో శనివారాల్లో కొత్త దర్శకుల లఘుచిత్రాలు వేయడం మొదలుపెట్టింది అక్కడే. చిత్రం పూర్తయ్యాక తీసిన కుర్రవాళ్ళు తెర ముందుకు వచ్చి నిలబడతారు, చూసినవాళ్ళు మొహమాటం లేకుండా మాట్లాడతారు. ఒకనాడు ఒక పెద్దాయన లేచి, "బాబూ, తల్లి చనిపోయినప్పుడు కొడుకు అంత అందంగా ఏడవడు" అన్నాడు. ఆ దర్శకుడు తడుముకోకుండా జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆ మాట రాసుకున్నాడు. తెర మీది చిత్రం ఏమిటో నాకు ఇప్పుడు గుర్తులేదు గానీ ఆ రాసుకోవడం గుర్తుంది.

సురభి నాటకం ఎక్కడ పడితే అక్కడికి వెళ్ళవలసిందే. కడప జిల్లాలోని సురభి గ్రామంలో 1885లో, ఒక పెళ్ళి వేడుకలో భాగంగా, తోలుబొమ్మలాట ఆడించే కుటుంబం తామే వేషాలు వేసుకుని "కీచకవధ" ఆడింది. వనారస గోవిందరావు గారు నడిపించిన ఆ సమాజం ఊరి పేరునే తన పేరు చేసుకుంది. ఆడవేషాలు మగవాళ్ళే కట్టే కాలంలో ఇంటి ఆడపడుచులను రంగస్థలం మీదికి తెచ్చిన సమాజం అది. తరాలు గడిచినా ఆ కుటుంబాల్లో చాలామందికి ఇప్పటికీ నాటకమే జీవనం. శేరిలింగంపల్లిలో సురభి కాలనీ ఉంది. వెంకటేశ్వర నాట్యమండలిని దశాబ్దాల పాటు నడిపి 2013లో పద్మశ్రీ అందుకున్న రేకందార్ నాగేశ్వరరావు గారు, అందరికీ తెలిసిన సురభి బాబ్జీ గారు, 2022లో కన్నుమూశారు. పబ్లిక్ గార్డెన్సులోని లలిత కళాతోరణంలో వాళ్ళు ఆడిన రోజుల్లో నేను "మాయాబజార్" ఎన్నిసార్లు చూశానో లెక్కపెట్టుకోలేదు.

సురభి వాళ్ళ మాయలను ఇప్పటి పిల్లలు చూసి నవ్వుతారేమోనని నాకు అనుమానం ఉండేది. మా మేనకోడలి కొడుకు ఎనిమిదేళ్ళవాడు, టాబ్లెట్టులో రాకెట్లు పేల్చేవాడు, పోయినసారి నా పక్కనే కూర్చున్నాడు. నారదుడు మబ్బుల్లోంచి దిగుతుంటే దీపాల వెలుతురులో తీగ సన్నగా మెరిసింది. "తాతయ్యా, వైరు కనిపిస్తోంది" అన్నాడు కొంచెం గర్వంగా. తర్వాత యుద్ధంలో రెండు వైపుల నుంచీ వచ్చిన బాణాలు నడిమి గాలిలో ఢీకొని నిప్పురవ్వలు రాలాయి. వాడు లేచి నిలబడ్డాడు. ఇందులో వైరు ఎక్కడుందో వాడికి దొరకలేదు, నాకూ ఇప్పటిదాకా దొరకలేదు. నాటకం అయ్యాక పక్క నుంచి తెర వెనక్కి తొంగి చూస్తే, ఇందాకటి రాక్షసుడు కిరీటం తీసి పక్కన పెట్టి ఒక పసిబిడ్డను భుజాన వేసుకుని జోకొడుతున్నాడు, ఇద్దరు ఆడవాళ్ళు రాజాంతఃపురాన్ని చాపలా చుట్టేస్తున్నారు. నేను మొదట్లో చెప్పిన దూరం ఇక్కడ బొత్తిగా లేదు. పద్యాలకు మాత్రం ఓపిక కావాలి. రాగం తీసి పాడే పద్యం అలవాటు లేనివాళ్ళు మొదటి అరగంట ఇబ్బంది పడతారు, ఆ తర్వాత చెవి దారికి వస్తుంది. చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళు ముందే కథ చెప్పి తీసుకువెళ్ళడం మంచిది.

రవీంద్రభారతిలో కార్యక్రమం చూసిన రాత్రి అక్కడి నుంచి మొజంజాహీ మార్కెట్టు వైపు వెళ్ళకపోతే ఆ సాయంత్రం పూర్తి కానట్టే. ఏడో నిజాము కాలంలో, 1935 నాటికి పూర్తయి, ఆయన రెండవ కొడుకు మొజం జా పేరు పెట్టుకున్న ఈ రాతి కట్టడం చాలా ఏళ్ళు పోస్టర్ల కిందా మసి కిందా కప్పబడిపోయింది. బాగుచేసి 2020లో మళ్ళీ తెరిచాక గడియారపు గోపురం రాత్రి దీపాల్లో నిండుగా కనిపిస్తోంది. లోపల ఐస్‌క్రీం దుకాణాలు వరుసగా ఉంటాయి. ఫేమస్ అనే దుకాణం వాళ్ళదీ, చుట్టుపక్కల వాళ్ళదీ పండ్ల ఐస్‌క్రీం పేరు పొందింది. పాత పద్ధతిలో పాలూ పండ్ల గుజ్జూ నింపిన డబ్బాను చెక్క పీపాలో పెట్టి, చుట్టూ ఐసూ రాళ్ళ ఉప్పూ కూరి, చేత్తో తిప్పుతారు. ఉప్పు వల్ల ఐసు మరింత చల్లబడి లోపలి పాలు గడ్డకడతాయి. గాలి ఎక్కించి ఉబ్బించిన సరుకు కాదు కనుక చెంచాకు బరువుగా తగులుతుంది, అక్కడక్కడ మంచు పలుకులు పంటికి తగులుతాయి. ఎండాకాలంలో మామిడి, చలికాలం ముందు సీతాఫలం తినాలి. సీతాఫలం దొరికే ఆ కొద్ది వారాల్లో మిగతా రుచులు అడిగేవాళ్ళను చూస్తే నాకు జాలి వేస్తుంది.

ఆ కూడలిలోనే 1953 నుంచి ఉన్న కరాచీ బేకరీ ఫ్రూట్ బిస్కెట్లను ఊరికి వెళ్ళేవాళ్ళ సంచీ కోసం వదిలేస్తాను. నా గమ్యం హమీదీ దుకాణం. అక్కడి జౌజీ హల్వా నా జాబితాలో మొదటిది. జౌజ్ అంటే జాజికాయ. మొలకెత్తించిన గోధుమల పిండి, పాలు, చక్కెర, నెయ్యి కలిపి, సన్నని మంట మీద గంటల తరబడి కలియబెడుతూ పోతే రంగు తేనె దాటి, ఇటుక దాటి, నల్లబెల్లం దగ్గర ఆగుతుంది. మన పాలకోవా, మన జున్ను, చివరికి మన బందరు హల్వా తిన్న నాలుకకు కూడా ఇది కొత్తగానే ఉంటుంది. మొదటి చెంచాలో నెయ్యి తెలుస్తుంది, రెండవ దానిలో మొలక గోధుమకు ఉండే సన్నని వగరు తెలుస్తుంది, మింగిన తర్వాత గొంతులో జాజికాయ వెచ్చదనం నిలుస్తుంది. కొంచెం సాగుతుంది, కొంచెం పలుకుగా ఉంటుంది. తీపి ఎక్కువ, నెయ్యి అంతకంటె ఎక్కువ. వంద గ్రాములు ఇద్దరికి చాలు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు అరకిలో అడిగితే కౌంటరు దగ్గరి పెద్దాయన చిన్న ముక్క కాగితంలో పెట్టి, "పహ్‌లే చఖో సాబ్" అని చేతిలో పెట్టారు. ముందు రుచి చూపించి తర్వాత తూచే దుకాణం మీద నాకు ఎప్పుడూ గౌరవమే. వేడిగా తింటే మంచిదని కొందరు అంటారు, నేను ఒప్పుకోను. మర్నాడు పొద్దున, గది వేడిమిలో ఉన్న హల్వాను ఉప్పు తగిలే ఉస్మానియా బిస్కెట్టు మీద రాసుకుని తిని చూడండి.

అక్కడి నుంచి పాతబస్తీ దూరమేమీ కాదు కనుక ఒక ముచ్చట చెబుతాను. హిందుస్తానీ గాయకుడు పండిత్ జస్‌రాజ్ చిన్నతనం ఈ ఊళ్ళోనే గడిచింది. బడికి వెళ్ళే దారిలో ఒక చిన్న హోటల్లో బేగం అఖ్తర్ గజల్ రికార్డు వేస్తుంటే, బడి మానేసి అక్కడే కూర్చుని వినేవాణ్ణని ఆయన చాలాసార్లు చెప్పుకున్నారు. ఆయన తండ్రి మోతీరాం 1934లో ఇక్కడే మరణించారు. ఆ తండ్రి పేరిట కొడుకు మొదలుపెట్టిన సంగీత సమారోహం దశాబ్దాలుగా ఇక్కడ జరుగుతోంది, కొన్నేళ్ళు చౌమహల్లా ప్యాలెస్ ముంగిట జరిగింది. హిందుస్తానీ సంగీతం వినాలనుకునేవాళ్ళు నవంబరు నెలాఖరు ప్రకటనలు చూస్తూ ఉండాలి. ఆరుబయట కచేరీకి శాలువా మరిచిపోకండి.

బంజారాహిల్స్ రోడ్డు నంబరు 1లోని లామకాన్ మా పేట మనిషికి కొంచెం దూరం, కొంచెం కుర్రతనం. 2010లో ఒక పాత ఇంటిని అలాగే ఉంచి, వాకిలిని వేదికగా మార్చి తెరిచారు. ఉర్దూ కవులు కవితలు చదివే ముషాయిరా, ఇంగ్లీషు నాటకం, డాక్యుమెంటరీ, ఎవరైనా ఎక్కి పాడగలిగే సాయంత్రం, అన్నీ అక్కడే. చెట్టు కింద మెట్ల మీద కూర్చోవాలి, మోకాళ్ళు నొప్పిపెట్టేవాళ్ళు ముందుగా వెళ్ళి కుర్చీ పట్టుకోవాలి. సమోసా, చాయ్ ఆ వీధి ధరల్లో చూస్తే దాదాపు ఉచితం. తెలుగు నాటకాలు ఇంకా ఎక్కువ పడితే బాగుంటుందని నా కోరిక.

సినిమా హాళ్ళకు వస్తే, ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో మిగిలిన ఒంటితెర హాళ్ళు దేవి, సుదర్శన్, సంధ్య, సప్తగిరి మా గుమ్మంలో ఉన్నట్టే. మొదటి రోజు వెళితే సినిమా వినిపించదు, ఈలలు వినిపిస్తాయి. కాగితాల వాన చూడాలనుకునే చుట్టాలను ఆ రోజే తీసుకువెళతాను. నేను మాత్రం రెండో వారం బుధవారం మధ్యాహ్నం ఆటకు, బాల్కనీలో వెనక వరుసలో కూర్చుంటాను.

సాయంత్రానికి లెక్క ఇలా వేసుకోండి. మిఠాయి కచేరీకి ముందు తినకూడదు. నెయ్యి కడుపులో పడితే రెండో కీర్తనకే కునుకు పడుతుంది. నాలుగున్నరకు చిక్కడపల్లిలో మైసూర్ పాక్ కొని సంచీలో పెట్టుకోవాలి, ఆరింటికి గానసభ. కచేరీ ఎనిమిదిన్నరకు ముగిస్తే చిక్కడపల్లి స్టేషనులో గ్రీన్ లైను ఎక్కి, ఎంజీబీఎస్‌లో రెడ్ లైనుకు మారి, గాంధీభవన్‌లో దిగితే మొజంజాహీ మార్కెట్టు నడిచే దూరమే. ఐస్‌క్రీం అక్కడ నిలబడి తినాలి, హల్వా ఇంటికి తెచ్చుకోవాలి.

పోయినసారి మా మేనకోడలు కిలో జౌజీ హల్వాను రెండు డబ్బాల్లో సర్దుకుని విమానం ఎక్కింది. దిగిన తర్వాత ఫోను చేసి, "మామయ్యా, ఒక డబ్బా భద్రంగా వచ్చింది" అంది. రెండవదాని సంగతి అడిగితే పక్కనుంచి మనవడు అందుకుని, దోహాలో విమానం మారేటప్పుడు ఆరు గంటలు కూర్చోవలసి వచ్చిందనీ, చెంచా మాత్రం తను విమానంలోదే దాచి పెట్టాననీ చెప్పాడు.